వేరుశనగ – రామగిరి ప్రాంతపు కుటుంబ సేద్యము

వేరుశనగ మెట్టభూములలో పండు నూనెగింజలలో ముఖ్యమైనది. పూవు నేలపైని కొమ్మను పూయగా, కాయ నేల లోపల కట్టుట దీనికి గల విశేష లక్షణము. శ్రీ సత్యసాయి జిల్లాలో, ధర్మవరమునకును పెనుకొండకును చేరువగా కొండల వరుసల నానుకొని యున్న రామగిరి మండలమును, దాని చుట్టుపట్ల నున్న చెన్నేకొత్తపల్లి, కనగానపల్లి, రొద్దము మండలములును ఈ పంటను తరతరములుగా ఇంటిల్లిపాది శ్రమతో పండించుచున్న సీమలు. 2022 ఏప్రిలు వరకు ఇవి అనంతపురము జిల్లాలో చేరియుండెను. రామగిరి పేరు లోకమునకు దాని బంగారు గనులవలన తెలిసినది. భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఆధీనమున నుండిన ఆ గనులు 2001 నాటికి మూతపడినవి. గనులలో కూలి దొరకిన కాలమునను, దొరకని కాలమునను ఇక్కడి పల్లెలలోని అత్యధిక కుటుంబములకు అప్పు తీర్చు పైకమును, ఎద్దులకు మేతయు, వంటకు నూనెయు ఇచ్చినది మాత్రము వేరుశనగ చేనే. వాడుకలో వేరుశనగను శనక్కాయ యనియు చెనిక్కాయ యనియు పిలుతురు.

వేరుశనగకును, ఈ ప్రాంతమువారు ఉర్లగడ్డ యని వ్యవహరించు బంగాళాదుంపకును జన్మభూమి దక్షిణ అమెరికా ఖండమే. ఆండీస్ పర్వతముల మీద, పెరూ, బొలీవియా దేశముల నడుమ నున్న శీతలమైన పీఠభూములలో ఉర్లగడ్డ సేద్యము ఆరంభము కాగా, ఆ పర్వతములకు తూర్పుననున్న దక్షిణ బొలీవియా, వాయవ్య అర్జెంటీనా ప్రాంతములు వేరుశనగకు పుట్టినిల్లని వృక్షశాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. ఈ జన్మభేదము తెలుగుదేశమున ఆ రెండు పంటలకును వేరువేరు తావుల నేర్పరచినది. రాత్రివేళ ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు లోబడి యున్నచోటనే ఉర్లగడ్డ చక్కగా గడ్డ వేయును; 30 డిగ్రీలు దాటినచో గడ్డ కట్టుట దాదాపు నిలిచిపోవును. దానికి విడువని తడి కావలెను. ఎకరమునకు క్వింటాళ్ళకొలది విత్తనపు గడ్డలు కావలెను. ఆ గడ్డలు ఎండకాలమున ఇంటిలో నిలువయుండవు గనుక శీతల గిడ్డంగులను, జలంధరు మొదలగు ఉత్తరదేశపు పట్టణములను ఆశ్రయింపవలెను. కావుననే అది పలమనేరు, వి.కోట, కుప్పము పీఠభూమి మీదను, శీతకాలమున జహీరాబాదు ప్రాంతమునను, తెలుగుదేశపు ఎల్లకు ఆవల కోలారు, చిక్కబళ్ళాపురము జిల్లాలలోను నిలిచిపోయినది. రామగిరి చేలలో నేలలోపలి పంట యనదగిన స్థానము వేరుశనగకు దక్కినది. దీని విత్తనము కార్తికమున ఇల్లు చేరి, కాయతోనే గోనెలలోనో గాదెలోనో యుండి, మరుసటి యేటి ఆషాఢము వరకు చెడక మొలక శక్తిని నిలుపుకొనును. చేతిలో పైకము లేని కుటుంబమునకు ఇంతకంటె అనుకూలమైన గుణము మరియొకటి లేదు.

పదునారవ శతాబ్దిలో పోర్చుగీసువారి ఓడలతోపాటు ఈ పంట భారతదేశమునకు వచ్చినదని తలపబడుచున్నది. అయినను అది వాణిజ్యపు పంటగా ఎదిగినది పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున, చెన్నరాజధానిలోని దక్షిణార్కాడు జిల్లాయందు. అచటి కాయలు పుదుచ్చేరి రేవునుండి ఫ్రాన్సుదేశపు మార్సేల్సు నగరమునకు పోయి, నూనెగాను సబ్బుగాను మారుచుండెడివి. ఆ శతాబ్ది చివర తెగుళ్ళవలన పాత జాతి క్షీణింపగా, ఆఫ్రికాలోని మొజాంబికు ప్రాంతమునుండి వచ్చిన విత్తనము సేద్యమును మరల నిలబెట్టినది. గుంతకల్లునుండి ధర్మవరము, హిందూపురముల మీదుగా బెంగుళూరునకు పోవు రైలుమార్గమును, పిమ్మట ఊరూర వెలసిన నూనె మిల్లులును రాయలసీమ మెట్టకు ఈ పంటను రప్పించినవి. అంతకు మునుపు ఈ చేలలో ముఖ్యముగ కొర్ర, జొన్న, సజ్జ, ఆరిక, సామ, ఉలవ, కంది, ఆముదము పండెడివి. రైతు తినునది పండించి, మిగిలినది అమ్ముకొనెడివాడు. 1960 తరువాతి మూడు నాలుగు దశాబ్దులలో ఈ క్రమము తలక్రిందులై, ఒకానొక దశలో అనంతపురము జిల్లాలో వేరుశనగ విస్తీర్ణము ఏడెనిమిది లక్షల హెక్టార్లకు చేరినది. ఒక్క జిల్లాలో ఒక్క మెట్టపంట ఇంత నేలను ఆక్రమించుట దేశములో అరుదు.

ఈ విస్తరణకు కారణము నేలలోను వానలోను కలదు. పడమటి కనుమల చాటున నుండుటవలన నైఋతి ఋతుపవనపు తేమ ఇచటికి చాలవరకు చేరదు. తూర్పు తీరమునకు దూరమగుటచే ఈశాన్యపు వానలును సన్నగిల్లియే వచ్చును. సంవత్సరపు సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు ఒక క్రమమున పడునది కాదు. ఒక చేనిలో కాలువలు పారగా ప్రక్క చేనిలో దుమ్ము రేగుట సామాన్యము. నేలలు ఎర్రనివి, ఇసుకపాలు హెచ్చు, లోతు తక్కువ. జానెడు మూరెడు త్రవ్వగనే గరుసో బండయో తగులును. ఇట్టి నేల నీటిని ఎక్కువకాలము పట్టియుంచలేదు. కాని గుల్లగా నుండుటచే వేరుశనగ కాయకు మూలమగు ఊడ సులభముగా నేలలో దిగును. పీకునప్పుడు కాయలు తెగక చెట్టుతోనే వచ్చును. ఆగస్టులో మూడు నాలుగు వారముల బెట్ట వచ్చినను ఈ మొక్క వాడి ముడుచుకొని, వాన పడగానే తిరిగి తలయెత్తి పూయగలదు. పేరూరు వద్ద పెన్న మీద కట్టిన జలాశయము రామగిరి మండలములోనే యున్నను, పెన్న యేటేట పారు నది కాదు గనుక, మెట్టరైతు చూపు ఆకాశము మీదనే నిలిచియుండును.

సేద్యపు పనులు కార్తెల లెక్కను నడచును. వేసవిలో దిబ్బ యెరువును, ఎండిన చెరువుల ఒండ్రుమట్టిని బండ్లమీద చేనికి తోలుదురు; గొర్రెలకాపరులతో మాటాడుకొని రాత్రులందు మందలను చేలలో నిలుపుదురు. ఏరువాక పున్నమికి ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి పూజింతురు. తొలివానలకు మడక కట్టి దున్ని, గుంటక తోలి గడ్డలు చితుకగొట్టుదురు. ఆరుద్ర, పునర్వసు కార్తెలు, అనగా జూన్ చివరనుండి జూలై మూడవ వారము వరకు, విత్తుటకు మేలైన కాలము. పుష్యమిలో విత్తినది సగము నమ్మకపు పంట.

ఈ పనులన్నింటికంటె ముందు విత్తనము సిద్ధము కావలెను. ఇది పూర్తిగా ఇంటి స్త్రీల పని. నూనెకు పోవు కాయలను యంత్రమున ఆడింపవచ్చును గాని విత్తనపు కాయలను చేతితోనే ఒలుతురు. యంత్రపు దెబ్బకు పప్పు బద్దలు విడిపోవును, మీది యెర్రపొర చిట్లును. పొర చిట్లిన గింజ పదనులో కుళ్ళును గాని మొలవదు. సందెవేళ దీపపు వెలుగున నలుగురైదుగురు కూర్చుండి, కాయ ముక్కును నేలకు గట్టిగా నొక్కి, పగిలిన డొల్లను బొటనవ్రేలితో విప్పి, నిండు గింజలను ఒక చేటలోనికి, నొక్కులు పడినవానిని మరియొక చేటలోనికి వేయుదురు. నొక్కు గింజలు ఇంటి వంటకు పోవును. కొన్ని దినములు ఒలిచినచో బొటనవ్రేలి కొన పుండు పడును. దానికి గుడ్డ చుట్టుకొని మరల ఒలుతురు. రైతుసాహిత్యమున నాగలికి దక్కిన కీర్తిలో నూరవవంతైనను ఈ పనికి దక్కలేదు. కాని చేనిలో మొక్కలు నిండుగా నిలుచుటయు, సందులు పడుటయు ఆ చేటల దగ్గరనే నిర్ణయమగుచున్నది.

నేల తగినంత తడిసినదా లేదా యని తెలిసికొనుటకు రైతు గుప్పెడు మట్టిని తీసి పిడికిట బిగించి చూచును. ముద్ద కట్టి, వదలగానే విరిసినచో పదను కుదిరినదని యర్థము. ఆ పదను రెండు మూడు దినములకంటె నిలువదు గనుక అప్పుడు ఊరెల్ల ఒక్కసారి చేలలో నుండును, కూలివారు దొరకరు. ఈ చిక్కును తీర్చునది ముయ్యి యను పద్ధతి. నేడు నా చేనికి నీ కాడియు నీ ఇంటి మనుష్యులును వచ్చినచో, రేపు నీ చేనికి నా వారు వత్తురు; ఇందు పైకము చేతులు మారదు. మడక సాలు వేయగా వెనుక స్త్రీలు గింజ విడుచుచు నడచుట పాత పద్ధతి. గొర్రుతో విత్తుట తరువాతిది. అనంతపురము పరిశోధకులు రూపొందించిన ట్రాక్టరు గొర్రు ఇటీవలిది.

వేరుశనగ నడుమ వేయు తోడిపంటల సాళ్ళను, అనగా అక్కడిసాళ్ళను గూర్చి కొంత విపులముగ చెప్పవలసియున్నది. ఏలయన ఈ సేద్యపు ప్రాణము వానియందే కలదు. ఏడు లేక పదునొకండు సాళ్ళ వేరుశనగకు ఒక సాలు కంది వేయుట అందరెరిగినదే. పాతకాలపు రైతు అంతటితో ఆగెడివాడు కాడు. ఆ ఒక్క సాలులోనే కందితోపాటు అనుము, అలసంద, ఆముదము, పెసర, గోగు గింజలను కలిపి వేసెడివాడు. చేనికి నాలుగు ప్రక్కల జొన్నయో సజ్జయో దట్టముగ విత్తెడివాడు. వేరుశనగ నూరు పది దినములలో పైకి వచ్చిన తరువాత, కంది తన లోతైన వేళ్ళతో అడుగు తడిని పీల్చుకొని పుష్యమాసము దాక నిలిచి కాయును. జూలైలో వాన పడి ఆగస్టులో ఎగ్గొట్టినచో వేరుశనగ నష్టపడును గాని కంది దక్కును. అక్టోబరులో ముసురు పట్టినచో వేరుశనగ చెడినను ఆముదము, అనుము నిలుచును. ఇంటిలో పప్పు, బెల్లముతో వండు అలసంద, దీపపు నూనె, గోగునార అన్నియు ఆ ఒక్క సాలునుండి వచ్చెడివి. ఏ వాన యెట్లు పడినను కుటుంబము పూర్తిగా చేతులు ముడుచుకొనవలసిన దినము రాకుండ చూచిన ఏర్పాటు ఇది.

విత్తిన నెలలోపల పసుపుపచ్చని చిన్నపూవులు ఆకుల మొదట కనబడును. అవి తెల్లవారుజామున విచ్చి, తమ పుప్పొడితో తామే ఫలించి, ఆ దినముననే వాడిపోవును. అటుపిమ్మట అండాశయపు అడుగుభాగము సాగి, సూదివంటి ఊడయై క్రిందికి వంగి, నేలలో దిగి, అచట అడ్డముగ తిరిగి కాయగా ఉబ్బును. ఊడ దిగు దశలో నేల గట్టిపడి యున్నచో ఎంత పూత పూసినను ఫలము లేదు. అందుచేత అంతకు మునుపే రెండుసార్లు గుంటక తోలి, కలుపు తీసి, నేలను వదులు చేయుదురు. ఊడలు దిగిన పిమ్మట చేనిలో గుంటక పెట్టరు. కాయ తనకు కావలసిన సున్నమును వేళ్ళద్వారా గాక చుట్టునున్న మట్టినుండి నేరుగ తీసికొనునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పూతవేళ ఎకరమునకు 200 కిలోల జిప్సము చల్లవలెనని వ్యవసాయశాఖవారు చెప్పుటకు కారణమిదియే. సున్నము చాలనిచో డొల్ల పెద్దదై లోన గింజ లేక పోవును.

ఈ చేనికి శత్రువులు కలరు. ఎర్రగొంగళి పురుగు వానిలో పురాతనమైనది. దాని గూళ్ళు గట్లక్రింద, చెట్లనీడన, నేలలో నెలలకొలది నిద్రించియుండి, తొలి పెద్దవాన పడగనే రెక్కల పురుగులై సందెవేళ బయటికి వచ్చును. ఆ రాత్రులందు ఊరివారందరు గట్లమీద మంటలు వేసినచో అవి వెలుగునకు వచ్చి పడి చచ్చును. ఒక్క రైతు మంట వేసిన లాభము లేదు. ఊరు కలిసి చేయవలసిన పని ఇది. ఆకులపై నల్లమచ్చలు వేయు తిక్కాకు తెగులు ఏటేట వచ్చునదే. వీనినెల్ల మించిన విపత్తు 2000 సంవత్సరపు ఖరీఫులో వచ్చినది. కాండము కుళ్ళు వైరసు తెగులు అనంతపురము జిల్లాలో సుమారు 2,25,000 హెక్టార్ల పంటను దెబ్బతీసినది. పొగాకు జాతి మొక్కలకు సోకు వైరసే దీనికి మూలమనియు, బీళ్ళలోను దారుల ప్రక్కను పెరుగు వయ్యారిభామ మొక్కల పుప్పొడిలో అది దాగియుండి, తామరపురుగుల మూలమున వేరుశనగకు చేరుననియు పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ సంస్థ పరిశోధకులు తేల్చిరి. నివారణోపాయములలో ఒకటిగా వారు సూచించినది చేని చుట్టును జొన్నయో సజ్జయో కొన్ని సాళ్ళు దట్టముగ వేయుట. పూర్వపు రైతు చేసియుండి, తరువాతివారు విడిచిన పద్ధతియే పరిశోధనాలయము మీదుగా తిరిగి వచ్చినది.

పంట పక్వమైనదో లేదో తెలిసికొనుటకు అక్కడక్కడ చెట్లను పీకి, కాయను విప్పి, డొల్ల లోపలి గోడను చూచెదరు. లేతకాయ లోపల తెల్లగానుండును. ముదిరినదానికి గోధుమవన్నె తిరిగి నల్లని మచ్చలు పడును. ఎక్కువ కాయలట్లు మారినప్పుడు పీకుదురు. ఆ వేళకు నేలలో తడి యుండవలెను. లేనిచో మట్టి బిగిసి కాయలు నేలలోనే తెగిపోవును. తడి మిక్కిలి యైనను చిక్కే; గుత్తి రకములకు నిద్రావస్థ లేదు గనుక గింజలు భూమిలోనే మొలకెత్తును. పీకిన చెట్లను కాయలు పైకి వచ్చునట్లు తిరుగవేసి ఎండబెట్టి, పిదప కట్టలు కట్టి కల్లమునకు చేర్చి వామి వేయుదురు. చేనిలో మిగిలిన కాయలను పేదలును పిల్లలును పరిగె యేరుకొందురు; దానిని ఏ రైతును అడ్డుకొనడు. కాయలు బాగుగ ఆరనిచో బూజు పట్టి అఫ్లాటాక్సిను అను విషము పుట్టును. పంట చివర బెట్ట పడిన సంవత్సరములలో ఈ ప్రమాదము హెచ్చు.

వేరుశనగలో వ్యర్థమగునది లేదు. గింజలో దాదాపు సగము నూనె, నాలుగవ వంతు మాంసకృత్తులు. గానుగ ఆడిన తరువాతి చెక్క పాడిపశువులకు దాణా, కాయలు తీసిన యెండుచెట్లగు కట్టె ఎద్దులకు వేసవి మేత, డొల్ల పొయ్యిలోనికి. ఈ మేత లేకున్న రామగిరి రైతు ఎద్దులను వేసవి దాటింపజాలడు. ఇంటిలో పచ్చికాయలను ఉప్పువేసి ఉడికింతురు. వేచిన గింజలను ఎండుమిరపకాయలతో నూరిన ఊరిబిండి రాగిసంగటికి సహజమైన జోడు. బెల్లపు పాకముతో ఉండలు పండుగలకు, ప్రయాణములకు. దూరపు ఊళ్ళలో చదువుకొను పిల్లలకు తల్లులు కట్టి పంపు మూటలో ఈ ఉండలు లేకుండుట అరుదు.

పరిశోధన ఈ పంటకు చేసిన మేలు గణనీయము. తిండివనము పరిశోధనాకేంద్రమునుండి 1940లో వెలువడిన టీఎంవీ-2 అను గుత్తి రకము అర్ధశతాబ్దికి పైగా ఈ సీమను ఏలినది. కదిరి వ్యవసాయ పరిశోధనాస్థానము రూపొందించిన కదిరి-6 ఈ శతాబ్దిలో దాని స్థానమును చాలవరకు ఆక్రమించినది. తరువాత అదే స్థానమునుండి కదిరి లేపాక్షి వచ్చినది. 1972లో పటాన్‌చెరువున నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ, బెట్టకు తాళి త్వరగా పండు ఐసీజీవీ 91114 అను రకమును అనంతపురము జిల్లా రైతులతో కలిసి వారి చేలలోనే పరీక్షించి అందించినది. రైతు తన చేనిలో చూచి యెన్నుకొన్న విత్తనమే నిలుచునని ఈ అనుభవము చూపినది.

ఇంత జరిగియు ఈ కుటుంబములు అప్పులలో కూరుకొనుటకు గల కారణములను దాచిపెట్టుట ధర్మము కాదు. 1986లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన నూనెగింజల మిషను ధరలను కొంతకాలము నిలిపినది. ఆ ఉత్సాహమున రైతులు అక్కడిసాళ్ళను మానిరి, గట్లదాక వేరుశనగనే విత్తిరి. 1994లో పామోలిను దిగుమతిపై ఆంక్షలు సడలింపబడిన పిదప ధరకు పూర్వపు బలము పోయినది. ఇంటి విత్తనము అమ్ముడుపోయి, ఏటేట సబ్సిడీ విత్తనము కొరకు వరుసలలో నిలుచుట అలవాటయ్యెను. పదను ఆరిపోయిన తరువాత చేతికందిన విత్తనమువలన ప్రయోజనము లేదు. వరుస కరవులలో బోర్లు త్రవ్వించి నీరు పడక చెడినవారు, బెంగుళూరునకు కూలికి వలసపోయినవారు ప్రతి పల్లెలోను కలరు. గత శతాబ్ది చివరనుండి అనంతపురము జిల్లాలో జరిగిన రైతుల ఆత్మహత్యలు రాష్ట్రమంతటికిని దుఃఖహేతువులైనవి. వేరుశనగయే ఈ కష్టములకు మూలమని కొందరు చెప్పుదురు గాని, ఆ మాట పూర్తిగా ఒప్పదగినది కాదు. పంట అదే, నేల అదే, వాన నాడును అంతే; దాని తోడిపంటలను తొలగించి, కుటుంబపు సంవత్సర జీవనమంతయు ఒక్క గింజ మీద పెట్టుటవలననే ఈ నష్టము ఇంత తీవ్రమైనది.

ఇటీవల విస్తీర్ణము కొంత తగ్గి, కంది, ఆముదము, చిరుధాన్యములు, పండ్లతోటలు కొన్ని చేలకు వచ్చినవి. 1990లో చెన్నేకొత్తపల్లి మండలమున స్థాపితమైన టింబక్టు కలెక్టివు అను సంస్థ, రామగిరి, రొద్దము మండలములలోను పనిచేయుచు, కొర్ర, సామ, ఆరికల సేద్యమును రైతుల సహకార సంఘము ద్వారా మరల నిలబెట్టుచున్నది. జూలై గడచిన తరువాత వాన పడినచో వేరుశనగ విత్తక, కొర్ర, సజ్జ, అలసంద, ఉలవలలో ఏదైన వేయవలెనని వ్యవసాయ పరిశోధకుల సలహా. ఆ గింజలు రామగిరి చుట్టుపట్ల కొన్ని యిండ్లలో ఇంకను గోగు, అనుములతో కలిపి మూటగట్టబడి యున్నవి. అవి గల రైతులు ప్రతియేడు ఒకటి రెండు సాళ్ళయినను విత్తి, విత్తనము తీసి, అడిగిన ఇరుగుపొరుగువారికి కొలిచి ఇచ్చెదరుగాక.